బయానా వెనక్కి తీసుకోని ఇమాం హుస్సేన్

ఇమాం హుస్సేన్‌ది వినుకొండ. గుంటూరు మిర్చి యార్డులో ఇరవయ్యేళ్లుగా దళారీ. ఆయన బేరానికి దిగితే కాటా ముల్లు కూడా ఊపిరి బిగబడుతుందని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించిందీ, పెంచి పెద్ద చేసిందీ ఆయనే.

అంతటివాడు ఆ ఉదయం గన్నవరం విమానాశ్రయంలో బిక్కమొహం వేసుకొని నిలబడ్డాడు. కూతురు షమాకి ఢిల్లీలో నర్సింగు సీటొచ్చింది. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపు వెళ్లి సంతకం పెట్టకపోతే ఆ సీటు ఇంకొకరిది. రైల్లో వెళ్తే అందదనే విమానం టికెట్లు కొన్నాడు. తీరా వస్తే విమానం రద్దన్నారు.

“టికెట్ డబ్బులు మొత్తం వెనక్కి వేసేస్తామండి. మీ ఫోన్‌కొచ్చిన మెసేజ్‌లో ఓకే నొక్కితే చాలు,” అంది కౌంటర్లో అమ్మాయి. చుట్టూ జనం టకటకా నొక్కేస్తున్నారు. షమా వేలూ అక్కడిదాకా వెళ్లింది.

ఇమాం హుస్సేన్ చటుక్కున ఫోన్ లాక్కున్నాడు. ముందిచ్చిన బయానా తిరిగి పుచ్చుకున్నావంటే బేరం చచ్చినట్టే. ఆపైన సరుకడిగే నోరుండదు. యార్డులో చీమకైనా తెలిసిన సంగతది.

“డబ్బొద్దు తల్లీ. సరుకు కావాలి.”

“సరుకేంటండి?”

“ఢిల్లీ.”

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. “మా తర్వాతి విమానం రేపు సాయంత్రమేనండి.”

“మా కొట్లో సరుకు లేకపోతే పక్క కొట్లోంచి తెచ్చయినా మాట నిలబెడతాం. నువ్వూ పక్క కొట్లో అడుగమ్మా.”

ఈలోగా షమా ఫోన్ తిరిగి తీసుకొని, రూల్స్ వెతికి కౌంటర్ మీద పెట్టింది. “డబ్బా, వేరే విమానమా అన్నది ప్రయాణికులే తేల్చుకోవచ్చని ఉందండి ఇక్కడ. ఎదురుచూసినంతసేపూ తిండీ మీదేనట.”

ఆ అమ్మాయి చదివి, లోపలికెళ్లింది. ఆ పావుగంటలో ఇమాం హుస్సేన్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతిలో రెండు బోర్డింగ్ పాసులున్నాయి. వేరే కంపెనీ విమానంలో, హైదరాబాద్ మీదుగా, రాత్రి తొమ్మిదికల్లా ఢిల్లీ. వాటి మీద రెండు టిఫిన్ కూపన్లు.

కూపన్లిచ్చి తెచ్చుకున్న ఇడ్లీని ఆయన తుంచి చట్నీలో ముంచాడు.

“నాన్నా, కుదరదనుంటే ఏం చేసేవాడివి?” అంది షమా.

“ఏం చేస్తా, అక్కడే కూలబడి ఏడ్చేవాణ్ణి.”

ఇరవయ్యేళ్లలో ఆయన నోట వచ్చిన పచ్చినిజం అదొక్కటే.

మర్నాడు పదింపావుకి షమా సంతకం పెట్టి బయటికొచ్చింది. కాలేజీ గేటు పక్క అరుగు మీద, చెప్పులు విప్పేసి, గోడకానుకొని ఆయన గుర్రు పెడుతున్నాడు. మొహం మీదికి ఎండ పడుతోందని ఆమె కాస్త పక్కకి జరిగి, అడ్డంగా నిలబడింది.