విశాఖ నీలం

మా పానకాలు బాబాయి చీరాలలో, సైకిలెక్కితే సముద్రం చేరేంత దూరంలో పుట్టి పెరిగాడు. అయినా మా వాడరేవు సముద్రాన్ని ఆయన ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. "ఇదీ ఒక సముద్రమేనా! సముద్రమంటే విశాఖది" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు కళ్లు సగం మూసుకునేవాడు. మిగతా సగంతో మేం నమ్ముతున్నామో లేదో చూసుకునేవాడు.

ఆయన మొన్న మిర్చి కోతల రోజుల్లో పోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆయన మంచితనం గురించే మాట్లాడారు. ఆయన కోసే కోతల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఆయన్ని అంత పెద్దమనిషిగా చూడటం మాకు అలవాటు లేక కాస్త ఇబ్బందిపడ్డాం.

పిన్ని వెంకటేశ్వరమ్మ చీరలు నేసేది. బాబాయి వాటిని మూట కట్టుకుని రైలెక్కి, విశాఖ పాత ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి అమ్మేవాడు. వెళ్లేటప్పుడు చీరలు పట్టుకెళ్లి, వచ్చేటప్పుడు ఊరి చరిత్ర పట్టుకొచ్చేవాడు. హార్బరు పక్కన వరసగా మూడు కొండలు, ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌసు. పాత ఊరి నడిబొడ్డున విక్టోరియా రాణి బొమ్మ. "ఆ చుట్టుపక్కల నా దగ్గర చీర కొనని ఆడమనిషి ఆవిడొక్కతే" అనేవాడు.

ఒకసారి అక్కణ్నించి ఒక రంగు కూడా తెచ్చాడు. నూలుపోగు మీద కాదు, నోటిమాట మీద.

"విశాఖ సముద్రం రంగు. ఆకాశమంత తేలిక కాదు, నేరేడంత ముదురు కాదు. కొంచెం పాలు కలిసినట్టుండాలి."

మా ఇళ్లలో ఏ రంగునూ లైటు కింద ఒప్పుకోరు. రంగద్దిన నూలు కట్టను, అదే చిలపను, తడారాక ఎండలోకి తెచ్చి, నమూనా పక్కన పెట్టి చూశాకే మగ్గం ఎక్కిస్తారు. దీనికేమో నమూనా లేదు. బాబాయి జ్ఞాపకమే నమూనా. రంగులద్దే నజీర్ ఎన్ని చిలపలు ముంచినా బాబాయి గుమ్మం బయట నిలబడి తల అడ్డంగా ఊపేవాడు. చివరికి ఒకదాని దగ్గర "ఇదే!" అని అరిచాడు. అదే విశాఖ నీలం. ఆ రంగు చీరలు అమ్ముడుపోయినట్టు మరే రంగువీ పోలేదు. వీధిలో మిగతా మగ్గాలూ దాన్నే అందుకున్నాయి.

పిన్నికి మాత్రం ఒకటే కోరిక, నమూనా అనుకున్న ఆ సముద్రాన్ని కళ్లారా చూడాలని.

"ఇన్నేళ్లు నీ మాట మీద నేశాను. ఒక్కసారి పక్కన పెట్టి చూసుకుంటా. తేడా వచ్చిందా, ఆ రంగు ఇక నా మగ్గం ఎక్కదు. నీ మాట నా చెవికెక్కదు."

"తేడా ఎందుకొస్తదే!" అన్నాడు బాబాయి. అని, ఏళ్ల తరబడి ఏదో ఒక సాకుతో ప్రయాణం తప్పించాడు. చివరికి సాకులైపోయి, పిన్నితో విశాఖ రైలెక్కాడు.

సంచులు మోయడానికి నేనూ వెళ్లాను. పొద్దున్నే బీచికి చేరాం. పిన్ని ఆ చీరే కట్టుకుంది. నీళ్ల అంచున నిలబడి, కొంగు చాచి, ఒక కన్ను మూసి, సముద్రం పక్కన పెట్టి చూసింది. సముద్రం బూడిదరంగులో ఉంది.

"ఇదేందయ్యా?"

"పొద్దున అట్టాగే ఉంటది. ఎండెక్కనీ."

ఎండెక్కేదాకా ఒడ్డునున్న సబ్‌మెరైన్ చూపించాడు. లోపలి ఇరుకు చూసి, "దీనికంటే మన మగ్గం గుంట నయం" అంది పిన్ని. బయటికొచ్చేసరికి సముద్రం ఆకుపచ్చగా ఉంది. మబ్బు అడ్డమొచ్చిందన్నాడు. కైలాసగిరి రోప్‌వే ఎక్కించాడు. పైనుంచి చూస్తే నీలమే, కానీ ఆ నీలం కాదు.

"పొద్దుట్నుంచీ మూడు రంగులు మార్చింది. నజీర్ ఇట్టాంటి సరుకిస్తే మొహాన కొట్టేదాన్ని" అంది పిన్ని.

మా ఇద్దరికంటే బాబాయే ఎక్కువ ఆత్రంగా సముద్రాన్ని చూస్తున్నాడు, మొదటిసారి చూస్తున్నవాడిలా.

మధ్యాహ్నానికి పిన్ని కాళ్లు పట్టేశాయి. పాత ఊళ్లో తన పాత ఖాతాదారు మాధురి గారి ఇల్లుంది, మంచి కాఫీ ఇస్తారన్నాడు బాబాయి. రాణి బొమ్మ దాటి ఒక సందులోకి తిరిగాం. ఆయన చకచకా ముందు నడిచి, ఒక ఇంటి ముందు ఆగి, ఉన్నట్టుండి వెనక్కి తిరిగాడు. "కాఫీ హోటల్లో తాగుదామా?" అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. పిన్ని తలుపు చూసింది.

ఎండ సూటిగా తలుపు మీద పడుతోంది. పిన్ని మెట్లెక్కి కొంగు తీసి తలుపుకు ఆనించింది. చీర ఎక్కడ ఆగిందో తలుపు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు.

ఇంతలో మాధురి గారు తలుపు తీశారు. "అరె, పానకాలు గారూ! మొత్తానికి మీ ఆవిణ్ని తీసుకొచ్చారన్నమాట. తెలుసా అమ్మా, మొదటిసారి వచ్చినప్పుడు ఈ తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డారో! ఈ రంగు చీర తెస్తానమ్మా అన్నారు. అప్పుడు నేనే, ఇది మా మామగారు వేయించిన రంగు, సముద్రం రంగు అని ఆయన మురిసిపోయేవారు అన్నాను."

బాబాయి దగ్గు వచ్చినట్టు దగ్గాడు.

"నువ్వసలు సముద్రం చూశావా?" అంది పిన్ని.

"చీరల మూట ఇసకలో దించితే ఎవరు కొంటారే? రైలు దిగటం, ఈ సందులు తిరగటం, రైలెక్కటం... హార్బరు నీళ్లు చూశాలే."

పిన్ని తలుపు వైపు ఇంకోసారి చూసి కొంగు సర్దుకుంది. "రంగు సరిగ్గానే తెచ్చావు. సముద్రమే తేడా" అని లోపలికి నడిచింది.

ఆ రంగు మగ్గం దిగలేదు. పేరు మాత్రం మా ఇంట్లో తలుపు నీలం అయింది. వచ్చినవాళ్లందరి ముందూ పిన్ని ఆ పేరే వాడేది. "గొళ్లెం కూడా నెయ్యమంటావా?" అని అడిగేది. బాబాయి చెప్పులేసుకుని వీధిలోకి పోయేవాడు.

బాబాయి పోయాక, ఈమధ్య పొదిలి నుంచి పత్తి రైతుల కుటుంబం ఒకటి పెళ్లి చీరలకు వచ్చింది. పెళ్లికూతురు హారిక ఆ రంగు చీర మీద చెయ్యి వేసి, "ఇదేం రంగండీ, భలే ఉంది?" అంది.

నేను తలుపు నీలం అనబోయాను. పిన్ని నన్ను చూడకుండానే చీరను గుమ్మం బయటికి తెచ్చి ఎండలో పరిచింది.

"విశాఖ నీలం అమ్మా. అక్కడి సముద్రం రంగు. మా ఆయన చూసొచ్చాడు."