సన్మానపత్రంలో తవ్విన కుంట

'ప్రముఖ' అన్న మాట కనిపిస్తే నాకు చెయ్యి దురద పెట్టేది. తెలుగులో ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది కదా, అందులో మనుషుల జీవిత వ్యాసాలను దిద్దడం కొన్నేళ్లుగా నేను నెత్తికెత్తుకున్న పని. జీతం లేదు, భత్యం లేదు. ఆదివారం పొద్దున టిఫిన్ కాగానే కంప్యూటర్ ముందు కూర్చుని, సొంత డబ్బా కొట్టుకున్న వాక్యాలను కలుపు మొక్కల్లా ఏరి పారేసేవాణ్ణి. 'పేదల పెన్నిధి' పోయేది. 'దానకర్ణుడు' పోయేవాడు. 'చిన్ననాటి నుండే సేవాభావం కలిగిన' అయితే పూర్తిగా చదవకముందే పోయేది. మిగిలినదాని పక్కన 'ఆధారం చూపండి' అని పెట్టేవాణ్ణి. ఒక్కోసారి మనిషి మొత్తం కొట్టుకుపోయి, పుట్టిన ఊరు మాత్రం మిగిలేది.

ఇది నా పనేనని ఊళ్లో అందరికీ తెలుసు. కళ్యాణదుర్గం బస్టాండులో ఒక చిన్న నాయకుడు నన్ను పట్టుకున్నాడు. "ఏమప్పా, నా పేజీలో ఒక మంచి మాటుంటే నీ సొమ్మేమన్నా పోతాదా?" అన్నాడు. "మంచి మాట వేరేవాళ్లు అచ్చులో రాయల్లన్నా, నీ అంతకు నువ్వు రాసుకుంటే కుదరదు," అన్నాను. ఆ జవాబు నాకే ఎంత నచ్చిందంటే, వారం రోజులు స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకుని తిరిగాను.

తిరకాసు ఏమిటంటే, నాకు ఇంకో పని కూడా ఉంది. నేను తెలుగు మాస్టర్ని. మా వైపు ఎవరు రిటైరైనా, ఎవరు బడికి బెంచీలు ఇచ్చినా, శాలువాతో పాటు సన్మానపత్రం ఉండి తీరాలి. దాన్ని రాసి, వేదిక మీద గొంతెత్తి చదవాల్సింది తెలుగు మాస్టరే. అందులో పొగడకపోవడమే తప్పు. పాయసంలో బెల్లం తగ్గితే ఎవరైనా ఊరుకుంటారా? సెలవు చీటీ కూడా సరిగ్గా రాయలేని మనిషిని సరస్వతీ పుత్రుణ్ణి చేశాను, చేతికి ఎముక లేదని పిసినారిని పొగిడాను. ఇది వేదిక, అది విజ్ఞానం, రెండూ వేరు అనుకునేవాణ్ణి. ఆదివారం ఏరిపారేసిన మాటలనే సోమవారం ఏ సంకోచమూ లేకుండా వాడుకునేవాణ్ణి.

పక్క ఊరి పెద్దరైతు ఒకాయన మా బడికి మంచినీళ్ల యంత్రం ఇచ్చాడు. సన్మానానికి ముందురోజు హెడ్‌మాస్టర్ పిలిచి పత్రం రాయమన్నాడు. ఆయన గురించి నాకు తెలిసింది రెండే ముక్కలు: వేరుశనగ వేస్తాడు, ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. రెండు ముక్కలతో పత్రం నిండదు. ఆయన పొలాన్ని ఆనుకుని ఒక కుంట ఉందని, ఊరి గొర్రెలన్నీ అందులోనే నీళ్లు తాగుతాయని బస్సులో పోతూ చూశాను. నీళ్ల యంత్రానికి కుంట బాగా జత కుదిరింది. 'కరువు కాలంలో సొంత ఖర్చుతో కుంట తవ్వించి, మూగజీవాల దాహార్తిని తీర్చిన అపర భగీరథుడు' అని రాసేశాను. ఎవర్నీ అడగలేదు. అడగాలని తోచనే లేదు. ఆ వాక్యం చదివినప్పుడు చప్పట్లు మోగాయి. ఆ పెద్దాయన అవుననలేదు, కాదనలేదు, శాలువా సర్దుకున్నాడు. మరునాడు విలేకరి నా పత్రాన్ని మక్కికి మక్కి వార్తగా వేశాడు.

కొన్నాళ్లకు ఆయన మీద విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం తేలింది. రాసింది ఆయన కొడుకేనని రెండు వాక్యాలు చదివేసరికే తెలిసిపోయింది. ఉత్సాహంగా కత్తెర పట్టాను. దాత పోయాడు, భగీరథుడు పోయాడు. కుంట మాట ఎక్కడిదో గుర్తు రాలేదు, దాని పక్కన 'ఆధారం చూపండి' అని పెట్టాను. రెండో రోజుకే ఆధారం వచ్చింది. పత్రికలో వచ్చిన వార్త. తెరిచి చూస్తే అది నా వాక్యమే.

అప్పుడే తీసేయాల్సింది. తీస్తే ఎందుకు తీశావని అడుగుతారు. అడిగితే అది నేను కల్పించిందని చెప్పాలి. నలుగురిని ఆధారాలు అడిగి అదరగొట్టినవాణ్ణి, నా పరువేం కాను? 'పత్రికా ఆధారం ఉన్నందున ఉంచడమైనది' అని రాసి పక్క వ్యాసానికి పోయాను. నియమం నా వైపే ఉంది. పిరికితనానికి నియమం అంత బాగా పనికొస్తుందని నాకు అంతకు ముందు తెలియదు.

ఈ ఏడు ఎండలు ముదరకముందే ఆ పెద్దరైతు ఊరి నుంచి ఒకామె బడికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి, గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆమె మనవరాలు నా తరగతిలోనే చదువుతోంది.

"సార్, కుంట సుట్టూ కడ్డీలు నాటి కంచె ఏసినారు. గొర్లను నీళ్లకు ఇడిసేకి లేదంట. మా నాయన సొంత దుడ్లతో తవ్విచ్చినాడు, మాదే అంటాడు ఆ పెద్దరైతు కొడుకు. అది గవర్మెంటోళ్ల కరువు పనిలో మేం తవ్విండేది సార్. నేనూ నా మొగుడూ మట్టి మోసినాం. ఎమ్మార్వో ఆఫీసుకు పోతే ఆయప్ప సెల్లు తీసి సూపిచ్చె, ఇంటర్నెట్లోనే ఉండాది సూడండి అని. మా దగ్గర ఏముండాది సూపిచ్చేకి? నీకు ఆ కంప్యూటర్ రాతలు తెలుస్తాయంట కదా. అది ఎవురు రాసినారో కనుక్కో సార్."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. "చూస్తానమ్మా," అన్నాను. నేనేనని అనలేదు.

ఆ మధ్యాహ్నమే వ్యాసం చర్చా పేజీలో రాశాను: ఆ వార్త ఒక సన్మానపత్రానికి నకలు, ఆ పత్రం రాసింది నేనే, కుంట సంగతి నా కల్పన, దాన్ని తవ్వింది ఊరి జనం. నేనెప్పుడూ చూడని తోటి సభ్యుడు ఒకడు, బహుశా నా దిద్దుబాట్లు చూసే నేర్చుకున్నవాడు, ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు: 'ఆ పత్రం మీరే రాశారనడానికి ఆధారం చూపగలరా? ఊరి జనం తవ్వారనడానికి అచ్చులో ఏమైనా ఉందా?' నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అచ్చులో ఏముంటుంది? మట్టి మోసినవాళ్లకు ఎవరైనా శాలువా కప్పారా, నేనేమైనా పత్రం చదివానా? సన్మానపత్రాన్ని ఆధారంగా తీసుకోకూడదని వాదించి, బతిమాలి, ఎట్టకేలకు ఆ వాక్యాన్ని తీయించాను. ఊరి జనం సంగతి మాత్రం ఎక్కించలేకపోయాను.

మరుసటి ఆదివారం బస్సెక్కి ఆ ఊరికి పోయాను. ఆమె కంచెకు ఇవతల గొర్రెలతో నిలబడి ఉంది. కుంట అడుగున ఇంకా కాసిన్ని నీళ్లున్నాయి. గొర్రెలు కడ్డీల మధ్య మూతులు దూర్చి అరుస్తున్నాయి. వాటికీ ఆ నీళ్లకూ నడుమ నిలబడింది నా వాక్యమే అనిపించింది.

"తీసేసినానమ్మా," అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. కంచె పొడుగునా ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. "యాడ సార్?"

"కంచె కాదు. ఇంటర్నెట్లో ఆ మాట."

"ఓ," అంది. వెలుగు పోయింది.

ఇక దాచడం నా వల్ల కాలేదు. "ఆ మాట పుట్టింది నా చేతిలోనేనమ్మా. బడిలో సన్మానం చేసినామే, ఆ పొద్దు నేను సదివిన పత్రంలో రాసినా. ఎవురు తవ్వినారో అడక్కుండా రాసినా. ఎమ్మార్వో దగ్గరికి వచ్చి చెప్తా."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"చెబుదువులే సార్," అంది. "ఆ పొద్దు నేనూ వచ్చింటి. మనవరాలు పాట పాడతాదంటే వచ్చింటి. నీ పెద్ద మాటల్లో నాకు తెలిసిండేది కుంట ఒకటే, అది సదివితే అందరికంటే ముందు సప్పట్లు కొట్టింది నేనే. మేం తవ్విండే కుంటను పొగుడుతాండావు అనుకొంటి."