కాశ్యప గోత్రపు కౌంటుగారు

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోగా వాటిని వాడుకున్నాను కూడా. కెనడాలో ఒటావా పక్కనున్న మా కనాటాలో, ఏ తెలుగువాళ్ళ ఇంట్లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ జరిగినా, పులిహోర గిన్నెలు ఖాళీ అయ్యాక అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని దెయ్యం కథలు అల్లేది నేనే. అవన్నీ నాకే జరిగాయని ఒట్టు పెట్టి మరీ చెబుతాను. ఒక్కటి కూడా జరగలేదు.

నేను ఏది చెప్పినా కొంచెం పెంచి చెబుతాను. మోకాలిలోతు మంచు నా నోట్లో తాటిచెట్టు లోతవుతుంది. అందుకే మా ఆవిడ వసుంధర నా మాటలో నాలుగో వంతు మాత్రమే ఉంచుకుని మిగతాది వదిలేస్తుంది. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఇప్పుడు చెప్పబోయేదానిలోనూ అక్కడక్కడా పెంచుతాను, అలవాటు. ఎక్కడ పెంచానో మీకే తెలిసిపోతుంది. పెంచనిచోటు కూడా తెలుస్తుంది.

మా పక్కింట్లో లార్వాక్ గారని ఒక ఫ్రెంచి పెద్దమనిషి ఉండేవారు. డెబ్బై ఎనిమిదేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. డ్రైవ్‌వేలో మంచు ఎత్తడానికి కూడా టై కట్టుకుని వచ్చేవారు. టెలిఫోన్ లైన్ల మ్యాపులు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మేము ఆయన్ని చాటుగా 'దొరవారు' అనుకునేవాళ్ళం. తీరా చూస్తే ఆయన నిజంగానే దొరవారు.

ఒక శనివారం నన్ను పిలిచి, డైనింగ్ టేబుల్ మీద ఒక కాగితపు చుట్ట విప్పారు. విప్పుతూ పోతే అది టేబులు దాటి, హాలు దాటి, మాంట్రియాల్ పొలిమేరల దాకా వెళ్ళింది. సరే, హాలు దాకా. అది ఆయన వంశవృక్షం. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో ఒక నది ఒడ్డున కోట కట్టుకున్న, కౌంటు బిరుదున్న జమీందారు గియోమ్ ద లార్వాక్ దగ్గర మొదలై, ఇరవై ఏడో తరంలో మా పక్కింటాయన దగ్గర ఆగుతుంది. అంతా నీలం సిరాతో, ముత్యాల్లాంటి చేతిరాత.

దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లో ఎక్కించి పెట్టమని అడిగారు. ఆ చలికాలమంతా శనివారాలు వాళ్ళింట్లోనే గడిపాను. అటక మీద మరిచిపోయిన సాక్సుల వాసన వచ్చే చీజు పెట్టేవారు.

కొన్ని పేర్ల పక్కన చిన్న అల గుర్తు ఉండేది. ఏమిటని అడిగాను.

"నీళ్ళలో పోయినవాళ్ళు" అన్నారు.

లెక్కపెట్టాను. ఇది పెంచడం లేదు. ఇరవై ఏడు తరాల్లో పదిహేడు తరాలకు ఆ గుర్తు ఉంది. ప్రతిసారీ పెద్ద బిడ్డ పక్కనే. ఆడో మగో తేడా లేదు. ఎవరికీ ఇరవై ఏళ్ళు నిండలేదు. ఆఖరి అల ఆయన అక్క సెసీల్ పక్కన ఉంది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఒటావా నది మీద స్కేటింగ్ చేస్తుంటే మంచు పగిలిందట.

"ఆ మొదటి గియోమ్ నది దాటుతూ మునిగిపోబోయాడట. నన్ను వదిలేస్తే నా పెద్ద బిడ్డను ఇస్తానని నదికి మాట ఇచ్చాడట. మా నాయనమ్మ చెప్పేది."

"మీరు నమ్ముతారా?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "నేను పెళ్ళెందుకు చేసుకోలేదని మీ ఆవిడ ఒకసారి అడిగింది. అప్పుడు చెప్పలేదు. ఇదే కారణం. నాతో ఆగిపోవాలి" అన్నారు. తన పేరు కింద స్కేలు పెట్టి గీసిన రెండు మందపాటి గీతలు చూపించారు. మ్యాపులో లైను ముగిసిందని చెప్పడానికి అలా గీస్తారట.

మే నెలలో ఆయన పోయారు. ఆసుపత్రికి వెళ్ళేముందు చుట్టను నా చేతికిచ్చి, పని పూర్తయ్యాక మూసేసి పెట్టమన్నారు. మూసేసి పెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

సెప్టెంబరులో మహాలయ అమావాస్య ఆదివారం వచ్చింది. నేను ఏటా ఆ రోజు మా నాన్నగారికీ తాతలకూ తర్పణం వదులుతాను. బ్రాంప్టన్‌లో ఉండే శాస్త్రిగారు వీడియో కాల్‌లో చేయిస్తారు. వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, మిగతా రెండు రోజులు పౌరోహిత్యం. ఆ రోజు ఆయన ఫోనులో పదకొండు కుటుంబాలు. మా ఇంటి వెనక చెక్క డెక్ మీద పీట వేసుకుని, ఇత్తడి పళ్ళెంలోకి నువ్వులూ నీళ్ళూ వదులుతున్నాను. ఎండ బాగా ఉంది. ఒషావాలో చదువుకుంటున్న మా అమ్మాయి సాహితి వీకెండ్‌కి వచ్చి, మెట్ల మీద కూర్చుని చూస్తోంది. మాకు అదొక్కతే. అప్పటికి పద్దెనిమిది.

మావాళ్ళ పేర్లయ్యాక శాస్త్రిగారు అన్నారు: "ఇప్పుడు మీ గురువులూ, స్నేహితులూ, ఎవరూ దిక్కులేనివాళ్ళూ ఉంటే వాళ్ళ పేర్లు చెప్పుకోండి. గోత్రం తెలియకపోతే కాశ్యప అనండి."

నాకు లార్వాక్ గారు గుర్తొచ్చారు. ఆయనకు నీళ్ళు వదిలేవాళ్ళు ఎవరున్నారు? అక్కడిదాకా నా బుద్ధి మంచిదే. కానీ పక్కన జనం ఉంటే నాకు నోరు ఆగదు. లోపలికి వెళ్ళి చుట్ట తెచ్చి ఒళ్ళో విప్పాను. దొరవారికి వదిలి ఆయన తాతలకు అన్యాయం చేయడం ఎందుకని పైనుంచి మొదలుపెట్టాను.

"కాశ్యప గోత్రం, గియోమ్ శర్మాణం, తర్పయామి. కాశ్యప గోత్రం, హ్యూగ్ శర్మాణం, తర్పయామి."

సాహితి పడిపడి నవ్వింది. వసుంధర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోనులో ఎవరో "అన్నా, ఆ శర్మగారు మన గుంటూరేనా?" అన్నారు. ఆ ఉత్సాహంలో ఇరవై ఏడు పేర్లూ చదివేశాను. మా పితరులు, మా పితరులు అంటూ ప్రతి ఒక్కరికీ చేతిలోంచి నీళ్ళు వదిలాను.

"ఏమండీ, గారెలు అందరికీ సరిపోతాయా?" అన్నారు శాస్త్రిగారు. "సరే, ఇక ఉద్వాసన" అంటూండగా నా ఫోనులో చార్జ్ అయిపోయింది. నాకు ఆకలిగా ఉంది. చాల్లే అనుకుని లేచాను.

పళ్ళెం తీయబోయి ఆగిపోయాను. అందులో నీళ్ళు లేవు.

చెంబెడు నీళ్ళు వదిలాను. అడుగున నువ్వులు మాత్రం పొడిగా, దులిపి ఆరబోసినట్టు ఉన్నాయి. కింద చెక్క తడవలేదు. చిల్లు పడిందేమోనని పళ్ళెం నిండా నీళ్ళు పోసి సాయంత్రం దాకా పెట్టాను. చుక్క కారలేదు.

"ఎండకి ఆవిరైపోయుంటాయి" అంది వసుంధర. కనాటాలో సెప్టెంబరు ఎండ అప్పడాన్ని కూడా ఎండబెట్టలేదని ఇద్దరికీ తెలుసు.

రెండు వారాలు దాన్ని జోకుగా చెప్పుకుని తిరిగాను. అక్టోబరులో, ఇక్కడి థాంక్స్‌గివింగ్ సెలవుకు ముందు శుక్రవారం, మిగిలిన స్కానింగ్ ముగిద్దామని చుట్ట విప్పాను.

లార్వాక్ గారి పేరు కింద రెండు గీతలూ లేవు.

నీళ్ళు చింది చెరిగిపోయాయంటారా? పైనున్న పేర్లన్నీ అదే సిరా. ఒక్క అక్షరం చెదరలేదు. చలికాలంలో నేను తీసిన స్కాన్‌లో ఆ గీతలు స్పష్టంగా ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. కాగితం మీద వాటి చోట, ఆయన కొత్త తరం మొదలుపెట్టేటప్పుడు గీసే సన్నటి నిలువు గీత ఉంది. దాని కొసన పేరు రాసే చోటు ఖాళీ. దాని కిందనుంచి ఇంకో నిలువు గీత. దాని కొసనా ఖాళీయే. ఆ రెండో ఖాళీ పక్కన నీలం అల.

మొదటి ఖాళీ ఎవరిదో అడగక్కర్లేదు. నీళ్ళు వదిలినవాడిది. రెండోది వాడి పెద్ద బిడ్డది.

చుట్ట టేబుల్ మీదే వదిలేసి ఫోను కోసం పరుగెత్తాను. ఎందుకంటే మర్నాడు సాహితి స్నేహితులతో ఒక సరస్సుకి కనూ పడవ నడపడానికి వెళుతోంది.

ఫోన్ చేశాను. ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క కలపకుండా చెప్పాను. అంతా విని నవ్వింది.

"నాన్నా, దిస్ ఈజ్ నాట్ ఈవెన్ యువర్ బెస్ట్ వన్."

"తల్లీ, ఒట్టు. ఇది నిజం."

"ప్రతిసారీ ఒట్టే కదా పెడతావు."

నా జన్మలో అన్ని కథలు చెప్పి అందరినీ నమ్మించాను. నమ్మించాల్సిన రోజున నా దగ్గర ఒక్క మాట మిగల్లేదు. వసుంధర ఫోన్ లాక్కుని, "ఈసారి నాన్న పెంచడం లేదే" అంది. "అమ్మా, నువ్వు కూడానా? లైఫ్ జాకెట్ వేసుకుంటాలే" అని పెట్టేసింది. పొద్దున్న మళ్ళీ చేస్తే సిగ్నల్ లేదు. అప్పటికే బయల్దేరిపోయింది.

శనివారం పన్నెండు గంటలకు శాస్త్రిగారు దొరికారు. చెప్పాను.

"నీళ్ళు వదిలినవాడే కదండీ కొడుకంటే. మా పితరులని పిలిచింది మీరు. పంపించారా మరి?"

"లేదండీ. చార్జ్ అయిపోయింది."

"ఎవరికి?"

"ఫోనుకి."

ఎప్పుడూ నవ్వే మనిషి, నవ్వలేదు. "నేను చదువుకున్నదానిలో దీనికి జవాబు లేదు. కానీ పిలిచినవాళ్ళను సాగనంపడం మర్యాద. ఇప్పుడే కూర్చోండి. పైనుంచి పిలిచారుగా, కిందనుంచి పంపండి."

డెక్ మీద ఈసారి నవ్వినవాళ్ళు లేరు. లార్వాక్ గారితో మొదలుపెట్టి వెనక్కి చదివాను. ఒక్కొక్కరికి నీళ్ళు వదిలి, వెళ్ళి రండని చెప్పాను. వసుంధర పక్కన నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టింది. నా కళ్ళు పళ్ళెం మీదే. నీళ్ళు నిలిచాయి. ఇరవై పేర్లకు పళ్ళెం సగం నిండింది. ఇరవై ఆరోవాడు హ్యూగ్ వెళ్ళేసరికి నువ్వులు పైన తేలుతున్నాయి. నాకు ఊపిరి వచ్చింది.

ఇరవై ఏడు. "కాశ్యప గోత్రం, గియోమ్ శర్మాణం." నీళ్ళు వదిలాను.

పళ్ళెం ఒక్కసారిగా ఎండిపోయింది.

నాలుగు గంటలు దాటాక సాహితి వేరేవాళ్ళ ఫోను నుంచి చేసింది. కనూ తిరగబడిందట. తాడు కాలికి చుట్టుకుని కింద ఇరుక్కుపోయిందట. తనే బయటికొచ్చిందట, బాగానే ఉందట. మేము అప్పటికప్పుడు బయల్దేరి ఒషావా వెళ్ళాం. దుప్పటి కప్పుకుని, రెండు చేతులతో టీ కప్పు పట్టుకుని కూర్చుని ఉంది. మేము ఇంకా ఏమీ చెప్పకముందే తనే అంది:

"నాన్నా, నీళ్ళలో నీ గొంతు వినిపించింది. ఆ శర్మాణం పేర్లు చదువుతున్నావు."

భయంలో ఆ రోజు విన్నది గుర్తొచ్చి ఉంటుందనుకున్నాను. ఆ మాటే అన్నాను.

"కాదు. ఆ రోజు గియోమ్‌తో స్టార్ట్ చేశావు. ఇవాళ పక్కింటి అంకుల్‌తో స్టార్ట్ చేశావు. ఉల్టా చదివావు."

వసుంధర నా చెయ్యి పట్టుకుంది. పన్నెండున్నర ప్రాంతంలో జరిగిందని స్నేహితులు చెప్పారు. నీళ్ళలో ఉన్నది ఒక్క నిమిషమేనట. డెక్ మీద ఆ పేర్లు చదవడానికి నాకు పావుగంట పైనే పట్టింది.

"అన్నీ విన్నావా?" అని అడిగాను.

"ఇరవై ఆరు. హ్యూగ్ తర్వాత ఇంకొకటి ఉంది కదా, దానికోసం వెయిట్ చేశా. నువ్వు చదవలేదు. అప్పుడే తాడు ఊడింది."

నేను చదివాను. గట్టిగానే చదివాను. వసుంధర విన్నది, ఫోనులో శాస్త్రిగారు విన్నారు. సాహితి ఒక్కతే వినలేదు.

ఇదంతా నిరుటి మాట. సాహితికి ఇప్పుడు పందొమ్మిది. వచ్చే మార్చికి ఇరవై నిండుతాయి. అప్పటిదాకా చెరువూ, నదీ, స్విమ్మింగ్ పూలూ వద్దన్నాం. ఈసారి ఎదురు చెప్పలేదు. స్కేలూ నీలం సిరా పెన్నూ కొని, లార్వాక్ గారి పేరు కింద ఆ రెండు గీతలు నేనే మూడుసార్లు గీశాను. మూడుసార్లూ మర్నాటికి కాగితం శుభ్రంగా ఉంది. ప్రతి అమావాస్యకూ డెక్ మీద కూర్చుని గియోమ్ ఒక్కడికే నీళ్ళు వదిలి, వెళ్ళి రా నాయనా అని బతిమాలుతున్నాను. ప్రతిసారీ పళ్ళెం ఎండిపోతోంది. అంటే వాడు వెళ్ళడం లేదు. ఎందుకో, ఎలాగో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరూ నాకింతవరకు కనబడలేదు.

ఇదంతా రాసి వసుంధరకు చదవమని ఇచ్చాను. నాలుగో వంతుకు తగ్గిస్తుందని ఎదురుచూశాను. చివరిదాకా చదివి కాగితాలు మడిచింది.

"పళ్ళెం ఎండేటప్పుడు వచ్చిన చప్పుడు సంగతి రాయలేదేం?" అంది.

అది రాయను.