ఎండకు వేలాడిన బెల్టులు

చాచా పోయాడని పొద్దున్నే ఫోన్ వచ్చినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఏ ట్యాంకు మీంచి?" పడిపోలేదట. ఇంట్లో, నిద్రలోనే పోయాడట. ఆ క్షణం నాకు కలిగిన ఊరటకు నేనే సిగ్గుపడ్డాను.

కోడుమూరు వైపు ఊళ్లలో మంచినీటి ట్యాంకులు చూసే ఇంజనీరుగా నేను చేరేటప్పటికే ఆయన అక్కడ ఫిట్టరు. అందరికీ చాచా, నాకూ చాచానే. ఇనుప నిచ్చెన ఎక్కేముందు నడుముకు కట్టుకునే సేఫ్టీ బెల్టు కుట్లన్నీ బొటనవేలితో తడిమేవాడు. బెల్టుకు రెండు తాళ్లు, రెండు కొక్కేలు. ఒకటి పైన తగిలించాకే రెండోది తీయాలి. ట్యాంకు కడిగే కూలీలు మొదటి మెట్టు దగ్గర టెంకాయ కొట్టి, దండం పెట్టి, బెల్టు లేకుండానే ఎక్కబోయేవాళ్లు.

"టెంకాయ కొట్టు నాయనా, నేనొద్దన్నానా? కొక్కెం గూడ తగిలిచ్చు. ఇద్దరూ చూసుకుంటారు నిన్ను," అనేవాడు.

నాకు ఎత్తంటే భయం. మొదటిసారి సగంలో ఆగిపోయి కళ్లు మూసుకున్నాను. కింది నుంచి ఆయన గొంతు: "భయపడు మేడమ్మా, మంచిదే. భయం లేనోన్ని నేను నిచ్చెన తాకనియ్యను."

తర్వాత ఆయన్ని పత్తికొండ వైపు వేశారు. బెల్టులు స్టోరులో ఉంటే ఎవరూ తెచ్చుకోరని, ప్రతి నిచ్చెనకూ రెండేసి శాశ్వతంగా వేలాడదీయమని నేను ఆదేశమిచ్చాను. బాగా ఆలోచించాననే అనుకున్నాను. మన ఎండ సంగతి మాత్రం తలపుకు రాలేదు. రెండేళ్లు అలాగే వేలాడాయి. నేను వాటిని చూడలేదా అంటే, చూశాను. చేత్తో పట్టి చూడలేదు.

చాచా తిరిగొచ్చిన రోజు, నిచ్చెనకున్న బెల్టు తాడును రెండు చేతులా పట్టి గుంజాడు. ఎండిన జొన్నాకులా తెగింది. ఇద్దరం తలెత్తి చూశాం. దాని జత బెల్టు కట్టుకున్న, కోసిగి నుంచి వచ్చిన కూలీ, పైన ట్యాంకు అంచు దగ్గర, ఒళ్లంతా తాడు మీద వాల్చి రెండు చేతులతో తుప్పు గీకుతున్నాడు.

అరవబోయాను. చాచా చేయి అడ్డంపెట్టాడు. "చెప్తే చేతులు చెమట పడ్తాయి," అని గొణిగి, పైకి నవ్వుతూ పిలిచాడు.

"ఏమప్పా, టీ వచ్చిండాది. దిగు!"

"ఇంగ రోంతే ఉండాది చాచా!"

"రోంత రేపు గీకుదువులే. రెండు చేతుల్తో నిచ్చెన పట్టుకో. చల్లారితే ఇంగోటి నువ్వే తెప్పియ్యాల."

"తెప్పిస్తాలే! టీ కోసం ప్రాణం తీస్తాండావే!"

అతని మడమ ప్రతి మెట్టుకూ గాలిలో వెతుక్కుంటూ దిగింది. కింది నుంచి చాచా "ఆ, ఇంగోటి" అంటూనే ఉన్నాడు. చివరికి కాళ్లు నేలకు ఆనాయి.

"టీ యాడ?"

"టీ అంగడాయప్ప మరిచిండాడు. పోయి నువ్వే చెప్పిరా పో."

అతను బెల్టు విప్పి పడేసి, తిట్టుకుంటూ వెళ్లాక చాచా నిచ్చెన పట్టుకుని కూలబడ్డాడు. కాసేపటికి లేచి, ఎవరూ మళ్లీ కట్టుకోకుండా ఆ బెల్టులను కొడవలితో ముక్కలుగా కోశాడు. నాతో ఒక్కటే అన్నాడు: "నీ భయం మంచిదే మేడమ్మా. దాన్ని ఈడ తగిలిచ్చి మరిచిపోతే ఎట్లా? దినామూ చూసుకోవల్ల."

ఎవరి ఆదేశమో ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మొన్న మగవాళ్లు గోరీల దగ్గర మట్టి ఇచ్చి వచ్చాక, చాచా ఇంటి ముందర ఆ కోసిగి మనిషే నా దగ్గరికొచ్చాడు. "ఒగసారి టీ అని అబద్ధం చెప్పి దింపినాడు మేడం. ఎందుకో ఇప్పటికీ తెలీదు," అని నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు.

చెప్పాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. చెప్పాను. ఆ రోజు అతను ఒళ్లు వాల్చింది తెగిపోయే తాడు మీదనని. దాన్ని ఎండలో వేలాడదీయించింది నేనేనని.

అతని చేయి మెల్లగా నడుము దగ్గరికి పోయి, అక్కడ లేనిదాన్ని తడుముతూ ఉండిపోయింది.