పుంగనూరు చిన్నప్ప గెలుస్తాడా, కుప్పం దేవసహాయం గెలుస్తాడా?

మా చిన్నతనంలో మదనపల్లె బెల్లం మండీలో రోజూ ఒకటే వాదన... ఎప్పుడో చనిపోయిన మా తాత, బతికున్న కుప్పం దేవసహాయం బాక్సింగులో తలపడితే ఎవరు గెలుస్తారని!

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచొద్దని చెప్పాను. ఎందుకంటే ఆనాడు నేను చేసింది తప్పని మా వాళ్లు ఇప్పటికీ అంటారు... వినండి, మీరే చెప్పండి.

మా తాత చిన్నప్పది పుంగనూరు. మొదటి పెద్ద యుద్ధంలో పటాలంతో బస్రా పోయి అక్కడ బాక్సింగు నేర్చుకున్నాడు. దేవసహాయం రెండో యుద్ధానికి బర్మా పోయి, అట్లాగే నేర్చుకుని వచ్చాడు. ఇద్దరూ మిడిల్ వెయిట్... మండీ తూకంలో ఆరున్నర మణుగుల లోపు, ఇప్పటి లెక్కలో డెబ్బై రెండు కిలోల లోపు మనుషులు. మా నాయన ఏసన్న, దేవసహాయం ఆ మండీలోనే బెల్లం బుట్టలు మోసే హమాలీలు.

"మీ నాయన కాలంలో మొగానికి చేతులు అడ్డం పెట్టుకునేది యాడుండాదన్నా? నిలబడి తన్నులు తినడమే గదా!" అనేవాడు దేవసహాయం.

"మా నాయన ఎడంచెయ్యి తగిలుంటే నీకు ఈపొద్దు ముద్ద నమిలేదానికి పండ్లుండవు రా!"

"సచ్చినోడిని ఎవురు పడగొడతారన్నా? అందుకే దినమూ గెలస్తా ఉండాడు!"

మండీ అంతా నవ్వేది. నాయనా నవ్వేవాడు. అన్నం క్యారియరు పట్టుకుని నిలబడిన నేనూ నవ్వేదాన్ని.

ఒకరోజు హమాలీల మేస్త్రీ అన్నాడు... "చిన్నప్ప లేకపోతే ఏమి? కొడుకుండాడు గదా! అదే ఎత్తు, అదే ఎడంచెయ్యి. ఆదివారం చర్చి గుడి అయినాక ఇద్దురూ నిలబడండప్పా, తేలిపోతాది."

నాయన సరే అన్నాడు.

నాకొక్కదానికే తెలుసు... ఆయన దగ్గితే రక్తం పడుతుందని.

అంతకుముందే ఒకసారి స్నానాల దడి వెనక ఆయన దగ్గి, పడిన రక్తం మీద బూడిద కప్పడం చూశాను. ఆయన నన్ను చూశాడు. నా చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. "ఒట్టెయ్యి. ఎవురికన్నా చెప్తివా, మండీలోకి రానీరు. ఈ వీధిలోనే ఉండనీరు మనల్ని."

నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసి తప్పితే ఆ మనిషి చచ్చిపోతాడని నా నమ్మకం. చెప్తే ఒట్టుకు పోతాడు... చెప్పకపోతే దెబ్బకు పోతాడు. ఎనిమిదేళ్ల పిల్లను. ఆ వారంలో అమ్మ ఆయనకు వదులైపోయిన చొక్కాకు మరోసారి లోపలికి కుట్లు వేసింది.

ఆదివారం వచ్చింది. బుట్టలు పక్కకు జరిపి, మోకు తాడు చుట్టూ కట్టారు. ముందు తూకం... సమానం బరువు ఉంటేనే పోటీ అన్నాడు దేవసహాయం. నాయన కంబళి కప్పుకునే పెద్ద కాటా తట్టలో కూర్చున్నాడు. అది తడిసిన కంబళి! పొద్దున్నే తొట్టిలో ముంచి పిండుతుంటే చూశాను, బరువు పెంచడానికని అప్పుడు అర్థం కాలేదు.

"కంబళితో నాకేం జగడమన్నా, తీసెయ్!" అన్నాడు దేవసహాయం నవ్వుతూ.

తీశాడు. తట్ట పైకి లేచిపోయింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నవ్వులు ఆగాయి.

"యాలన్నా ఇట్లయిపోయినావు?"

"రేషను బియ్యం తింటే ఏనుగవుతామా? కట్టు గుడ్డలు!" అన్నాడు నాయన. అందరూ మళ్లీ నవ్వారు, తూకం మాట మరుగున పడింది. పిడికిళ్లకు గోనెపట్టాలు చుట్టారు. దేవసహాయం చేతులెత్తి ముందుకొచ్చాడు...

మోకు కింద దూరి మధ్యలో నిలబడ్డాను. "కొట్టొద్దు చిన్నాయనా! మా నాయనకు రక్తం పడతాండాది!"

మేస్త్రీ తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. ఒక్కొక్కరే మోకు దగ్గర్నించి వెనక్కి జరిగారు. నాయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీదే ఉంది. దేవసహాయం ఒక్కడే ముందుకొచ్చి, ఆయన పిడికిళ్ల గోనెపట్టాలు విప్పి, భుజం పట్టుకుని మిషన్ ఆసుపత్రికి నడిపించాడు.

మండీ పని పోయింది. మేం పుంగనూరులో మేనత్త ఇంటికి చేరాం. ఆసుపత్రిలో నాయన ఇంకా రెండేళ్లు బతికాడు. "ఒట్టు తప్పి తండ్రిని తినేసింది" అని మేనత్త తను పోయేదాకా అనింది. తమ్ముళ్లు ఇప్పటికీ "నోరు మూసుకునుంటే పరువుగా పోయేవాడు" అంటారు. పోయేవాడు... ఆ సాయంత్రానికే పోయేవాడు! ఆ రెండేళ్లు ఎవరిచ్చారు? నా నోరు ఇచ్చింది.

ఆదివారాలు అమ్మతో బస్సులో ఆసుపత్రికి పోతే, మొదటి నెల నాయన నాతో పలకలేదు. తర్వాత తలవైపు జరిగి మంచం మీద నాకు చోటిచ్చాడు. దేవసహాయం ప్రతి ఆదివారం వచ్చి కిటికీ అవతల కూర్చుని అదే వాదన. "మీ నాయన రెండో రౌండుకే పడతాడు." "నువ్వు మొదటి దానికే పడతావు రా!" నర్సమ్మ వచ్చి ఇద్దరినీ కసిరేది.

ఒక ఆదివారం దేవసహాయం చాలాసేపు నాయన మొహం చూశాడు. "సరేన్నా... మీ నాయనే గెలస్తాడు" అన్నాడు.

నాయన మోచేతి మీద లేవబోయాడు. "జాలిపడి ఒప్పుకుంటావా? వాదించు రా!"

అప్పుడు తెలిసింది నాకు... నాయన ఇక బతకడని. మండీలో కూడా అంత భయపడలేదు నేను.

ఇప్పుడు ఆ క్షయ రోగం పేరు గోడల మీదే రాస్తున్నారు. మాత్రలు ఇంటికే తెచ్చిస్తున్నారు, మింగితే నయమవుతోంది. దాచాల్సిన పనే లేదు... అయినా కొంపల్లో ఇంకా దాస్తూనే ఉన్నారు. మీరూ చిన్నప్పుడు ఇట్లా ఒట్టు తప్పి ఉంటే కింద రాయండి. మనవరాలు చదివి వినిపిస్తుంది.