నెవాడా ఎడారిలో వేసిన ఒట్టు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు జాలి వేసేది. సన్నీవేల్‌లో టెస్టింగ్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను. ఏ తప్పు జరిగినా దానికో కారణం ఉంటుందని, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందని నమ్మేవాణ్ణి. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

కిందటి అక్టోబరులో నేనూ, నా రూమ్మేట్ వంశీ నక్షత్రాలు చూడ్డానికి నెవాడా ఎడారికి వెళ్లాం. మట్టిరోడ్డు చివర, దుమ్ము పరుచుకున్న మైదానంలో టెంట్ వేశాం. మరో కారు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. ఇంటి అలవాటు కొద్దీ బూట్లు బయటే విడిచి, డబ్బాలో తెచ్చిన పెరుగన్నం తిని పడుకున్నాం.

తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చింది. పక్కన వంశీ లేడు. అతని ఫోను, జాకెట్, నీళ్ల సీసా లోపలే ఉన్నాయి. బయట అతని బూట్లు, నా బూట్లు విడిచినచోటే ఉన్నాయి. ఎంత అరిచినా జవాబు లేదు. ఆ చలిలో, వట్టి కాళ్లతో మనిషి ఎంతసేపు బతుకుతాడు?

టార్చ్ వేసి నేల చూశాను. అతని పాదాల గుర్తులు కొండవైపు వెళ్లాయి. వాటికి కాస్త ముందు బూట్ల గుర్తులు. కుడి మడమ కింద అడ్డంగా ఒక కోత. నా బూటుకీ అదే కోత ఉంది. నా బూటు పక్కనే నొక్కి చూశాను. రెండూ ఒకటే.

నిద్రలో నడిచానేమో అనుకున్నాను. అలాగైతే తిరిగివచ్చిన గుర్తులుండాలి. టెంట్ చుట్టూ వెతికాను. లేవు.

ఆ గుర్తుల వెంట పరుగెత్తాను. వెలుగు వస్తుండగా వంశీ ఎదురొచ్చాడు. కాళ్లు చీరుకుపోయాయి.

"ఎక్కడికి పోయావురా? చచ్చావనుకున్నా!"

"నువ్వే కదరా లేపి తీసుకెళ్లావ్? నన్నక్కడ వదిలేసి ఎప్పుడొచ్చావ్?"

నేను టెంట్‌లోంచి కదల్లేదన్నాను. అతను నవ్వలేదు.

"సర్లే, భయపడకు. నువ్వు చెప్పింది ఎవరితోనూ అనను."

"ఏం చెప్పాను?"

"ఒట్టేశాను కదా" అన్నాడు.

ఆటపట్టించాడా అంటే, నా బూటు అతని కాలికి పట్టదు. కల అందామంటే, కల దుమ్ములో అడుగులు వేయదు. అనుకున్న కారణాలన్నీ ఒక్కొక్కటే కొట్టేశాను.

మేమిప్పటికీ ఒకే ఇంట్లో ఉంటున్నాం. నేను కారు తాళాలు తీస్తే చాలు, ఎక్కడికని అడుగుతాడు. రాత్రయితే తనే డ్రైవ్ చేస్తానంటాడు. ఒకరోజు విసిగిపోయాను.

"నేనే పెట్టించుకున్న ఒట్టయితే నేనే తీసేస్తున్నా. తీసి గట్టు మీద పెట్టు. చెప్పు."

వంశీ తల అడ్డంగా ఊపాడు. "రేపు నేనే వచ్చి అడిగినా చెప్పకు అన్నావురా."

ఆ మాటేమిటో నాకు తెలియదు. అన్నదెవరో కూడా తెలియదు.