నూరు నీళ్ల నెయ్యి

మొన్న వనపర్తిలో మా ఇంట్లో, మా అమ్మాయి ఫోన్లో ఏదో వీడియో చూసి, చేతులకు రాసుకునే క్రీము తనే చేస్తానని కంచు పళ్లెంలో నెయ్యి వేసి, నీళ్లు పోసి రుద్దడం మొదలుపెట్టింది. తడి కంచు మీద నలిగే ఆ చల్లటి నెయ్యి వాసన ముక్కుకు తగలగానే నేను లేచి వరండాలోకి వెళ్లిపోయాను.

గద్వాలలో మాది మగ్గం ఇల్లు. చలికాలం వచ్చిందంటే పెదవులూ మడమలూ పగిలేవి; అమ్మ కాల్చే జొన్నరొట్టెల పొగ, నూలుకు పట్టించిన గంజి పులిసిన వాసన, వేగుతున్న నువ్వుల కమ్మదనం కలిసి ఇల్లంతా పరుచుకునేవి, వాటన్నిటి మధ్య, నేల గుంటలో కాళ్లు దింపి నేసే మగ్గం చప్పుడు పొద్దుగూకేదాకా ఆగేది కాదు. ఆ మగ్గం మీద కూర్చునేది మా సుశీలత్త, నాయిన చెల్లెలు. పెళ్లయిన రెండేళ్లకే భర్త వదిలేస్తే పుట్టింటికి వచ్చింది. ఇంట్లో ఏ విషయంలోనూ ఆమెను అడిగేవాళ్లు కారు గానీ, నూలు చీరకు పట్టు అంచు అతికి నేయడంలో ఆమె చేతికి సాటి లేదని నాయినే అందరికీ చెప్పేవాడు.

పగిలిన వేలు తగిలితే పట్టుపోగు తెగుతుంది. అందుకని అత్త ప్రతి చలికాలం నెయ్యి కడిగేది. కంచు పళ్లెంలో నెయ్యి వేసి, చల్లటి నీళ్లు పోసి, రాగిచెంబు అడుగుతో గుండ్రంగా రుద్ది, ఆ నీళ్లు పారబోసి మళ్లీ కొత్త నీళ్లు. అట్లా నూరుసార్లు. అప్పటికి జిడ్డంతా పోయి, తడి సున్నంలా తెల్లబడి, రాస్తే చర్మంలోకి ఇంకిపోయేది. బట్టకు అంటేది కాదు.

నా తొమ్మిదో ఏట ఆ పని నాకు అప్పగించింది.

"జర ఓపిక పట్టు బిడ్డా. నూరైనంకనే లెవ్వాలె" అని మగ్గం దగ్గరికి పోయింది.

వాకిట్లో పిల్లలు గచ్చకాయలు ఎగరేస్తున్నారు. నా వేళ్లు చలికి కొంకర్లు పోతున్నాయి. నలభై దాటగానే చెంబు పక్కన పెట్టేశాను. "నూరైనయ్ అత్తా!" అని అరిచి వాకిట్లోకి ఉరికాను.

మర్నాడు అత్త ఆ నెయ్యి రాసుకుని, పాతగుడ్డతో చేతులు తుడుచుకుని మగ్గంలోకి దిగింది. మధ్యాహ్నానికి గంధం రంగు పట్టు కొంగు మీద మూడు వేళ్ల జిడ్డు మరక తేలింది. అది పెళ్లికూతురి కోసం నేస్తున్న చీర.

"కండ్లేడ పెట్టినవే? పెండ్లి చీర ఖరాబు చేస్తివి గదా! ఇగ మగ్గం జోలికి రాకు" అని అత్త మీద అరిచాడు నాయిన.

అత్త ఒక్కసారి తన వేళ్లను వాసన చూసుకుంది. తలెత్తి, గుమ్మం పక్కనున్న నన్ను చూసింది. నేను తల తిప్పుకుని వాకిట్లోకి జారుకున్నాను.

నాలుగు రోజుల్లో నాయిన కోపం చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. మగ్గం మీద వేరే మనిషిని కూర్చోబెట్టాడు. నా చదువు అయ్యేదాకా, నా పెళ్లయ్యేదాకా అత్త మూలన కూర్చుని కండెలకు నూలు చుట్టింది. అప్పుడప్పుడూ రాట్నం ఆపి, ఖాళీ చేతులతో గాలిలో అంచు అతుకుతున్నట్టు వేళ్లు కదిపేది. అది చూడలేక నేను ఆ మూలకు పోవడమే మానేశాను. మళ్లీ ఏ చలికాలమూ ఆమె నెయ్యి కడగలేదు.

చివరి రోజుల్లో, దవాఖానలో ఆమె మంచం పక్కన కూర్చుని చెప్పాను.

"అత్తా, ఆనాడు నేను నూరుసార్లు కడగలే. అబద్ధం చెప్పిన. ఆ మరక నావల్లనే పడ్డది."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఏం మరక బిడ్డా? గట్లేం కాలే. నేనెప్పుడు మగ్గం నేసిన?"

నన్ను ఊరడించడానికి అలా అన్నదో, నిజంగానే అంతా మరిచిపోయిందో నాకిప్పటికీ తెలియదు. వారం తిరక్కుండానే పోయింది.

ఈ మధ్య గద్వాల పోయినప్పుడు, ఎప్పుడో అమ్మేసిన మా ఇంటి గుమ్మం ముందు ఆగాను. గంజి వాసన లేదు, వీధిలో ఒక్క మగ్గమూ మోగడం లేదు. లోపల మగ్గం గుంట పూడ్చి టైల్స్ వేశారు. ఆ ఇంటామె లోపలికి పిలిచి, సరిగ్గా ఆ చోటే కుర్చీ వేసి "కూసో అక్కా" అంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఏంది అక్కా, జల్ది పోవాల్నా?"

"ఆ, బస్సుంది" అన్నాను. ఏ బస్సూ లేదు.